ఐరిష్ అదృష్టము: ఒక నానుడి పుట్టుపూర్వోత్తరములు

శాసనమునకు తేదీ యుండును. కావ్యమునకు కర్త యుండును. లోకోక్తికి సామాన్యముగా ఈ రెండును ఉండవు. అది పలువురి నోళ్ల నలిగి, అర్థము మారి, ఒక్కొక్కప్పుడు తలక్రిందులై, తుద కెవరో గ్రంథస్థము చేసినప్పుడు మాత్రమే పరిశోధకుని కంటబడును. 1868లో కెప్టెన్ కార్ దొర ప్రకటించిన ఆంధ్రలోకోక్తిచంద్రికలో ఒక సామెత కనబడినచో, అది ఆ యేటికి పూర్వమే తెలుగువారి నోట నుండెనని మనము నిశ్చయింపవచ్చును. ఎంత పూర్వమో ఆ గ్రంథము చెప్పజాలదు. ఈ లోటును పూరించుటకు లోకము కథలను కల్పించుకొనును. కథ సామెతకు చక్కగా అతికినంతమాత్రమున అదియే దానికి జన్మకారణమని చెప్పరాదు. ఈ భేదమును పరిశీలించుటకు ఆంగ్లభాషలోని ఒక నానుడి మిక్కిలి ఉపకరించును. అది 'ది లక్ ఆఫ్ ది ఐరిష్', అనగా ఐరిష్ జాతివారి అదృష్టము.

అనుకొనని మేలు పొందినవానిని గూర్చి ఈ మాటను వాడుదురు. ఏటేట మార్చి 17వ తేదీన జరుగు సెయింట్ పాట్రిక్ పండుగనాడు అమెరికాలో ఆకుపచ్చని శుభాకాంక్షల కార్డులపై, నాలుగు రేకుల క్లోవరు ఆకు ప్రక్కను, లెప్రకాన్ అను మరుగుజ్జు దేవత బొమ్మ ప్రక్కను ఈ మాట అచ్చగుచుండును. చూచినవారికి ఇది ఐర్లండు ప్రజలు తరతరములుగా తమ్ము గూర్చి తాము చెప్పుకొనుచు వచ్చిన మాటయని తోచుట సహజము. ఐర్లండు సంప్రదాయమును కొంచెము పరిశీలించినచో ఈ భావము నిలువదు.

ఐర్లండు జాతీయచిహ్నమైన షామ్రాకు మూడు రేకుల ఆకు. నాలుగు రేకులది కాదు. సెయింట్ పాట్రిక్ ఆ మూడు రేకులను చూపి క్రైస్తవ త్రిమూర్తితత్త్వమును బోధించెనను ఐతిహ్యము కూడ 1726లో కేలబ్ థ్రెల్కెల్డ్ రచించిన వృక్షశాస్త్ర గ్రంథమున ప్రస్తావింపబడినది. ఈ ఆకు మతమునకును జాతికిని గుర్తు. భాగ్యమునకు గుర్తు కాదు. ఇక లెప్రకాన్ కథలయందు మనుష్యునికి కలుగునది లాభము కాదు, మోసము. 1825లో క్రాఫ్టన్ క్రోకర్ ప్రకటించిన ఐరిష్ జానపద కథలలో ఒకడు లెప్రకానును పట్టుకొని, నిధి యున్న మొక్కను తెలిసికొని, దానికి గుర్తుగా ఎఱ్ఱని పట్టీ నొకదానిని కట్టి, పారకై ఇంటికి పరుగెత్తును. తిరిగి వచ్చి చూడగా పొలములోని ప్రతి మొక్కకును అట్టి పట్టీయే కట్టబడి యుండును. చేతికందిన ధనము చేజారుటయే ఆ కథాసారము. ఐరిష్ భాషలో భాగ్యమును తెలుపు 'ఆ', 'సొనస్' మొదలగు పదములు కలవు. వానితో ఒకరికొకరు మేలు కోరుకొందురు. లోకమున అన్ని జాతులును చేయు పనియే అది. తమ జాతికి అదృష్టము ప్రత్యేకముగా దక్కినదను గర్వము ఆ మాటలలో లేదు.

చరిత్రయు అట్టి గర్వమునకు తావీయలేదు. 1841 జనాభా లెక్కలలో ఐర్లండున 81 లక్షలకు పైగా జనులుండిరి. 1851 నాటికి ఆ సంఖ్య సుమారు 65 లక్షలకు దిగినది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకగా పుట్టిన మహాక్షామమున రమారమి పది లక్షలమంది మరణించిరి. అంతకు మించినవారు ఓడలెక్కి దేశాంతరము పోయిరి. ఇట్టి జాతిని అదృష్టవంతమైన జాతి యని పిలిచిన దెవరు? నానుడి నిర్మాణమే ఈ ప్రశ్నకు కొంత సమాధాన మిచ్చుచున్నది. 'మా అదృష్టము' అని కాక 'ఐరిష్‌వారి అదృష్టము' అనుట ప్రథమ పురుషలో ఇతరులను గూర్చి చెప్పిన మాటవలె నున్నది. కనుక దీని మూలమును ఐర్లండు పల్లెలలో కాక, ఐరిష్‌వారిని వెలుపలినుండి చూచినవారి మాటలలో వెదుకుట యుక్తము.

నేడు విరివిగా చెప్పబడు వ్యుత్పత్తి కథ అమెరికా గనులకు సంబంధించినది. ఐరిష్ అమెరికను చరిత్రకారుడైన ఎడ్వర్డ్ ఓడానెల్ 2002లో ప్రకటించిన గ్రంథమున దీనిని వివరించెను. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున బంగారు, వెండి గనులలో పేరుపొందిన సంపన్నులలో పలువురు ఐరిష్‌వారు, లేక ఐరిష్ సంతతివారు. అందుచే ఆ జాతికిని అదృష్టమునకును ముడి పడినది. ఈ మాట మెప్పుగా పుట్టలేదు. తెలివిలేని ఈ జనులు కేవలము దైవవశమున గాక మఱియొక విధమున బాగుపడుట అసంభవమను ఎత్తిపొడుపు ఇందు ఇమిడియున్నదని ఆయన అభిప్రాయము. ఈ వాదమును రెండు విధముల పరీక్షింపవలెను. గనుల చరిత్ర ఈ నానుడికి అనుకూలముగా నున్నదా యనునది మొదటిది. ఐరిష్‌వారికి అదృష్టమును అంటగట్టుట గనులతోనే ఆరంభమైనదా యనునది రెండవది.

మొదటి పరీక్షకు నెవాడాలోని కామ్‌స్టాక్ వెండి గనులు తగిన స్థలము. 1859లో పాట్రిక్ మెక్‌లాఫ్లిన్, పీటర్ ఓరైలీ అను ఇద్దరు ఐరిష్‌వారు అచ్చట బంగారపు రజను కడుగుచుండిరి. కడుగుటకు నీరు చాలక, నీటిని నిలువచేయ గుంట త్రవ్వుచుండగా ధనవంతమైన ఖనిజము బయటపడినది. బంగారమును వేరు చేయనీక వారిని విసిగించిన నల్లని మన్ను వెండి ఖనిజమని పరీక్షలో తేలినది. నీటికొఱకు త్రవ్వగా వెండి దొరకుటకన్న అదృష్టమునకు మించిన ఉదాహరణ ముండదు. అంతలో హెన్రీ కామ్‌స్టాక్ అనువాడు అచ్చటికి వచ్చి, ఆ భూమి తనదని వాదించి వాటా సంపాదించెను. గనికి నిలిచినది అతని పేరే. మెక్‌లాఫ్లిన్ తన వాటాను 3,500 డాలర్లకు అమ్ముకొనెనని చెప్పుదురు. ఓరైలీ మఱికొంతకాలము నిలుపుకొని ఎక్కువ వెలకు అమ్మెను గాని, ఆ ధనము నిలువలేదు. మతి చెడి మరణించెను.

ఆ గనులలో ధనవంతులైనవారు వేరు. జాన్ విలియం మెకే, జేమ్స్ గ్రాహం ఫెయిర్, జేమ్స్ క్లెయర్ ఫ్లడ్, విలియం ఓబ్రయన్ అను నలుగురిని నాటివారు వెండి రాజులని పిలిచిరి. ఫ్లడ్ అమెరికాలో ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టినవాడు; తక్కిన మువ్వురు ఐర్లండున పుట్టినవారు. మెకే 1831లో డబ్లిన్ నగరమున జన్మించి, బాల్యముననే న్యూయార్కు చేరి, ఓడల నిర్మాణశాలలో పని నేర్చెను. కామ్‌స్టాకున దినమునకు 4 డాలర్ల కూలికి గనిలో దిగి, కొయ్యదూలములతో సొరంగములకు ఊతమిచ్చు పనిలో ఆరితేరి, క్రమముగా గుత్తదారుడై, పిదప గనుల అధికారి యయ్యెను. ఫెయిర్ ఖనిజపు పొరల పోకను గుర్తించుటలో నేర్పరి. ఫ్లడ్, ఓబ్రయన్‌లు శాన్‌ఫ్రాన్సిస్కోలో వాటాల విపణికి చేరువను మద్యశాల నడిపి, అచ్చటికి వచ్చు దళారుల సంభాషణలనుండి గనుల వ్యాపారమును గ్రహించిరి. ఈ నలుగురును 1869 ప్రాంతమున హేల్ అండ్ నార్‌క్రాస్ గనిని వశపఱచుకొనిరి. అనంతరము ఇతరులు నిరాశతో విడిచిన కన్సాలిడేటెడ్ వర్జీనియా గని వాటాలను చౌకగా కొనిరి. ప్రక్క గనినుండి సుమారు 1,200 అడుగుల లోతున సొరంగము త్రవ్వించి, సన్నని ఖనిజపు జాడను పట్టుకొని పోయి, 1873లో మహానిధిని చేరిరి. ఆ నిక్షేపమునుండి పది కోట్ల డాలర్లకు పైగా విలువగల లోహము లభించినది.

ఈ రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. నిజముగా అదృష్టము వరించినది మెక్‌లాఫ్లిన్, ఓరైలీలను. వారికి ధనము నిలువలేదు. ధనము నిలిచినది మెకే మొదలగువారికి. వారిది కేవలము అదృష్టము కాదు. పనివాని అనుభవము, ఖనిజజ్ఞానము, విపణి తంత్రము, పెట్టుబడి యను నాలుగును అచ్చట కలిసినవి. మోంటానాలోని బ్యూట్ నగరపు రాగి గనులును ఇట్టివే. వానిని వృద్ధిపఱచిన మార్కస్ డేలీ 1841లో కావన్ మండలమున పుట్టి, కామ్‌స్టాకున పని నేర్చినవాడు. బ్యూట్ గనులలోని ఐరిష్ కూలీలలో పలువురు కార్క్ మండలములోని అలిహీస్ రాగి గనులనుండి వచ్చినవారు. ఆ గనులు 1810 ప్రాంతములనుండి నడచినవి. అనగా బ్యూట్‌కు వారు తెచ్చినది అదృష్టము కాదు, రెండు మూడు తరముల వృత్తివిద్య. ఈ విధముగా గనుల చరిత్ర ఓడానెల్ చెప్పిన ఎత్తిపొడుపును బలపఱచుచున్నది. కారణము కంటికి ఎదుటనే యుండగా దానిని విడిచి అదృష్టమును పేర్కొనుట నిందయే కాని మెప్పు కాదు.

రెండవ పరీక్షలో గనుల కథ కొంత వెనుకబడును. కామ్‌స్టాకు బయటపడుటకు 15 సంవత్సరములకు ముందే, 1844లో, ఆంగ్ల నవలాకారుడైన థాకరే ఫ్రేజర్స్ మాగజీన్ పత్రికలో ఒక నవలను ధారావాహికముగా ప్రకటించెను. దాని తొలి నామము 'ది లక్ ఆఫ్ బారీ లిండన్'. 1856లో దానిని స్మృతికథ యను అర్థమిచ్చు మఱొక పేరుతో ముద్రించిరి. కథానాయకుడు ఐరిష్‌వాడు, సైనికుడు, జూదరి, దంభి, ధనవంతురాలిని వివాహమాడి పెద్దవాడై, తుదకు అప్పుల చెఱసాలలో మగ్గును. ఐరిష్‌వానిని, జూదమును, లక్ అను పదమును ఒకే చోట ముడివైచి చదువరులకు చూపుటకు 1844 నాటికే ఆంగ్ల సాహిత్యము సిద్ధముగా నుండెను. అంతకు ముందే సామ్యూల్ లవర్ రచించిన రోరీ ఓమోర్ గీతము జనప్రియమై యుండెను. అదే పేరుతో అతడు 1837లో నవలను కూడ ప్రకటించెను. బేసి సంఖ్యలు కలిసివచ్చునను నమ్మకమును ఆ గీతమున ఒక ఐరిష్ యువకుని నోట పలికించెను. మాటకారి, సాహసి, దైవముపై భారము వైచువాడు అను ఐరిష్ పాత్ర రంగస్థలమున, నవలలలో, పాటలలో అప్పటికే రూపుదిద్దుకొన్నది. గనులకు పోయిన ఆంగ్లభాషీయులు ఈ పాత్రను మనసున నుంచుకొనియే పోయిరి. కావున గనులు ఈ భావమును పుట్టింపలేదు. దానికి కోట్ల డాలర్ల నిదర్శనమును చేకూర్చి వ్యాప్తి కలిగించినవి.

లక్ అను పదముయొక్క చరిత్ర కూడ ఇచ్చట గమనింపదగినది. ఇది ఆంగ్లమునకు ప్రాచీనసొత్తు కాదు. 15వ శతాబ్దమున డచ్చి, దిగువ జర్మను భాషలనుండి వచ్చి చేరినది. జూదపు పరిభాషగా వచ్చినదని నిరుక్తకారులు తలంతురు. జూదరి గెలుపునకు యోగ్యత అక్కఱలేదు. ఆ వాసన ఈ పదమును విడువలేదు.

భాషాశాస్త్ర దృష్టితో చూచినచో మఱొక సాక్ష్యము దొరకును. ఆంగ్లమున 'ఐరిష్' అను విశేషణము చేరిన సమాసములు పెక్కింట విశేష్యముయొక్క అర్థము విపరీతమగును. తొలుత 1785లో వెలువడిన ఫ్రాన్సిస్ గ్రోస్ గ్రామ్యపదకోశము ఇందుకు మంచి ఆకరము. అందు ఐరిష్ ఆప్రికాట్ పండన్న బంగాళాదుంప. ఐరిష్ సుందరి యన్న రెండు కన్నులును కమిలిన స్త్రీ. ఐరిష్ సాక్ష్యమన్న కూటసాక్షి. నావికుల భాషలో ఐరిష్ తుపాను అనగా గాలి ఏమాత్రమును వీవని నిశ్చలసముద్రము. ఇట్లు ఒక జాతిపేరును విశేషణముగా చేసి నిందించుట ఐరిష్‌వారికే పరిమితము కాదు. 17వ శతాబ్దపు యుద్ధములలో తమతో పోరాడిన డచ్చివారి పేరిట ఆంగ్లేయులు తాగుడువలన కలుగు తెగువను డచ్చి ధైర్య మనిరి. చెప్పకుండ జారుకొనుటను పరాసువారి సెలవనిరి; పరాసులు ఆ దుర్గుణమునే ఆంగ్లేయులకు అంటగట్టిరి. ఈ కుటుంబమున చేర్చి చూచినచో ఐరిష్ అదృష్టమనగా అదృష్టము కానిది, అనగా దురదృష్టము, అను అర్థము వ్యాకరణసిద్ధముగనే లభించును. ఈ నానుడిని వ్యంగ్యముగా దురదృష్టార్థమున వాడుట నేటికిని కలదు. జాన్ లెనన్, యోకో ఓనో దంపతులు 1972లో ఈ పేరుతోనే వెలువరించిన పాట ఐర్లండు కష్టములను గూర్చినది. అచ్చట ఈ మాటకు వ్యంగ్యార్థమే ప్రధానము.

కాబట్టి ఈ నానుడిలో రెండు ధారలు కలిసినవని చెప్పవలెను. ఒకటి, అర్హత లేనివానికి అబ్బిన భాగ్యమను ధార; రెండవది, భాగ్యమే లేదను వ్యంగ్యధార. రెండును నిందాగర్భములే. మొదటిది గెలిచిన ఐరిష్‌వానిని తక్కువ చేయుటకును, రెండవది ఓడిన ఐరిష్‌వానిని పరిహసించుటకును పనికివచ్చినవి.

నిందార్థక మనుటకు ఆ కాలపు అమెరికా పరిస్థితులే సాక్ష్యము. 1850 తరువాతి దశకమున కాథలిక్కులయెడ, ఐరిష్ వలసదారులయెడ ద్వేషమే ప్రధానసూత్రముగా ఒక రాజకీయపక్షము ప్రబలినది. ఐరిష్‌వారు దరఖాస్తు చేయనక్కఱలేదను షరతుతో ఉద్యోగ ప్రకటనలు పత్రికలలో వచ్చినవి. థామస్ నాస్ట్ వంటి ప్రసిద్ధ చిత్రకారులు ఐరిష్‌వానిని వానరముఖముతో చిత్రించిరి. ఇట్టివాడు కోటీశ్వరుడైనచో, వానిని గూర్చి చూచువారు చిరకాలముగా నమ్మిన అభిప్రాయమును మార్చుకొనవలెను, లేదా వాని ప్రజ్ఞను నిరాకరింపవలెను. అదృష్టమను మాట రెండవ మార్గమును సుగమము చేసినది.

అదే గనుల ప్రాంతముతో జోడించి చెప్పబడు మఱొక ఆంగ్లపు నానుడిని దీనితో పోల్చుట మంచిది. ఏమాత్రమును ఆశ లేదనుటకు చీనావానికున్నంత అవకాశము కూడ లేదందురు. దీనికి కాలిఫోర్నియా బంగారపు వేటను, రైలుమార్గ నిర్మాణమును మూలముగా చెప్పుదురు. అచ్చటి చీనావారి దుస్థితికి కారణము విధి కాదు, శాసనము. 1852లో విదేశీయులైన గనిపనివారిపై నెలకు 3 డాలర్ల పన్ను విధించిరి. అది ముఖ్యముగా చీనావారి నెత్తిన పడినది. 1854లో కాలిఫోర్నియా ఉన్నత న్యాయస్థానము తెల్లవారికి ప్రతికూలముగా చీనావారు చెప్పు సాక్ష్యము చెల్లదని తీర్పిచ్చినది. ఇంకొక చేదు నిజమును దాచరాదు. 1877లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చీనావారిని వెడలగొట్టవలెనని ఉద్యమము నడపిన డెనిస్ కార్నీ ఐర్లండున కార్క్ మండలమున పుట్టినవాడు. 1882లో చీనా కూలీల రాకను నిషేధించు చట్టము వచ్చినది. ఒక జాతివారి అదృష్టము, మఱొక జాతివారి దురదృష్టము అని లోకము చెప్పుకొన్న రెండింటి వెనుకను పన్నులు, తీర్పులు, సంఘబలములు ఉన్నవి. మొదటి నానుడి శ్రమను కప్పినది. రెండవది అన్యాయమును కప్పినది.

అదృష్టవంతుల పేళ్లు చరిత్రలో నిలిచినవి. తక్కినవారి లెక్క శ్మశానములలో తీయవలసివచ్చినది. 1869 ఏప్రిల్ 7వ తేదీన కామ్‌స్టాకులోని యెల్లో జాకెట్ గనిలో అగ్ని పుట్టి కనీసము 35 మంది పనివారు మరణించిరి. 1917 జూన్ 8వ తేదీన బ్యూట్‌లో గ్రానైట్ మౌంటెన్ గని అగ్నిప్రమాదమున 168 మంది చనిపోయిరి. వారు పలు దేశములవారు, వారిలో ఐరిష్‌వారును ఉండిరి. పదివేల అడుగులకు పైని ఎత్తున నున్న కొలరాడోలోని లెడ్‌విల్ పట్టణపు ఎవర్‌గ్రీన్ శ్మశానమున గుర్తురాళ్లు లేని సమాధులు వందలకొలది కలవు. కొలరాడో విశ్వవిద్యాలయపు చరిత్రకారుడు జేమ్స్ వాల్ష్ చర్చి దాఖలాలతో సరిపోల్చి, అచ్చట పూడ్చబడిన ఐరిష్ పేదలు సుమారు 1,300 మందియని తేల్చెను. వారిలో పెక్కురు పసివారు, యువకులు. 2023లో వారి పేళ్లతో ఒక స్మారకము వెలసినది. వెండి రాజులు నలుగురిని చూచి కట్టిన నానుడి ఈ 1,300 మందికి వర్తించునా యని ఎవరును విచారింపలేదు. సామెతలు గెలిచినవారిని లెక్కించినంత సులభముగా చనిపోయినవారిని లెక్కింపవు.

ఇట్టి నింద కాలక్రమమున ప్రశంసగా మారుటయు ఆశ్చర్యము కాదు. 20వ శతాబ్దమున అమెరికాలోని ఐరిష్ సంతతివారు సంఘమున నిలద్రొక్కుకొని, తమపై విసరిన మాటలను తామే ధరించిరి. నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయపు క్రీడాకారులను గూర్చిన 'పోట్లాడు ఐరిష్‌వారు' అను బిరుదును ఆ విద్యాసంస్థయే 1927లో అంగీకరించినది. 1948లో 'ది లక్ ఆఫ్ ది ఐరిష్' అను పేరుతో లెప్రకాన్ కథగల వినోద చలనచిత్రము వచ్చునాటికి, ఆ మాటలోని ముల్లు చాలవఱకు అరిగినది. పిమ్మట వర్తకులు దానిని కార్డులపై కెక్కించిరి. ఇప్పుడు దానిని పలుకువారికి ద్వేషము లేదు. వినువారికి బాధ లేదు. ఐనను మాటకు ప్రస్తుతమున్న అర్థమే పూర్వార్థమని తలచినచో పరిశోధన దారి తప్పును.

ఈ చర్చవలన తెలుగు లోకోక్తులను పరిశోధించువారికిని కొంత ప్రయోజనము కలదు. నానుడికి చెప్పబడు కథను మూడు ప్రశ్నలతో పరీక్షింపవలెను. ఆ భావము కథా కాలమునకు పూర్వమే కనబడుచున్నదా? ఆ మాట ఎవరు ఎవరిని గూర్చి పలికినది? దానివలన ఏ కారణము మరుగుపడుచున్నది? మన భాషలోను కులముల పేర, ఊళ్ల పేర, వృత్తుల పేర వెలసిన సామెతలు పెక్కు కలవు. వానిని జాతీయముల పట్టికలో చేర్చి ఊరకుండుట చాలదు. పలికినవాని స్థానమును, పలుకబడినవాని స్థానమును గుర్తింపవలెను.

ఇంకొకటి. లక్ అను పదమును మనము అదృష్టమని అనువదించుచున్నాము. ఆ రెండింటికిని భేదము కలదు. జూదమునుండి వచ్చిన లక్‌నకు కారణముతో పనిలేదు. వైశేషికుల పరిభాషలో అదృష్టమనగా కారణము లేనిది కాదు; కంటికి కనబడని కారణము. అదృష్టవంతుని చెఱచువాడు లేడు, దురదృష్టవంతుని బాగుచేయువాడు లేడు అను మన సామెత ఈ మూలార్థమును మఱచి, లక్‌నకు సమీపించినది. మెకే నేర్చిన కొయ్యపని, అలిహీస్ కూలీల వృత్తివిద్య, లెడ్‌విల్‌లోని పేరులేని సమాధులు అన్నియు చిరకాలము కనబడని కారణములుగా, కనబడని ఫలములుగా నుండినవి. వానిని చర్చి దాఖలాలనుండి, గనుల లెక్కలనుండి, పాత పత్రికలనుండి వెలికితీసి కనబడునట్లు చేసినప్పుడు ఆ నానుడి చరిత్రగా మారినది. మన సామెతల విషయమున ఈ పని చాలవఱకు మిగిలియున్నది.